ఎండ వైపు నీడ

హోసూరులో రాయకోట రోడ్డు మీద ఒక టైలరు కొట్టుంది. దాని పైగదిలో కూర్చుని ప్రేమ రోజూ పొద్దున పెళ్ళికూతుళ్ళను ఆకాశానికి ఎక్కించేది.

పొయ్యి మీద కుక్కరు పెట్టి, విజిలు వినబడేటంత దూరంలో కంప్యూటరు ముందు కూర్చునేది. భర్త రఘునాథ్ తీసుకొచ్చిన పెళ్ళి క్యాసెట్టును అందులోకి ఎక్కించుకుని, వధూవరుల బొమ్మను అంచు వెంబడి ఓపికగా కత్తిరించి, గులాబీ పువ్వులో కూర్చోబెట్టేది. మబ్బుల మీద నడిపించేది. ఏనాడూ కృష్ణగిరి దాటనివాళ్ళను మంచుకొండల మధ్య నిలబెట్టేది. దీన్ని మిక్సింగ్ అంటారు. రెండువేల రెండో సంవత్సరంలో ఆ చుట్టుపక్కల మిక్సింగ్ లేని పెళ్ళి వీడియో అంటే పప్పు వడ్డించని పెళ్ళిభోజనం కింద లెక్క. కెమెరా రఘునాథ్‌ది, కంప్యూటరు ప్రేమది. ఇద్దరి పేర్లూ కలిపి బోర్డు రాయించుకున్నారు.

ఆ పొద్దున టమాటా రైతు నంజప్ప తన కూతురి పెళ్ళి సంగతి మాట్లాడటానికి వచ్చి కూర్చున్నాడు.

"ఏమమ్మా ప్రేమా, మా తమ్ముడి బిడ్డను నెమలి మీద కూర్చోబెట్టినావే, మా పాపకు నెమలి వద్దు. విమానం పెట్టు."

"విమానం లోపలా, పైనా అప్పా?"

"పైనే పెట్టమ్మా. లోపల పెడితే ఎవురికి కనిపిస్తారు?"

ప్రేమ నవ్వుకుంటూ సరేనంది. బొమ్మను తీసి విమానం మీద పెట్టడం పెద్ద పని కాదు. అది అక్కడే ఉన్నట్టు కంటిని నమ్మించడం పని. దానికి నీడ కావాలి. మీ ఇంట్లో ఒక చెంబును దీపం ముందు పెట్టి చూడండి. దీపం కుడివైపు ఉంటే నీడ ఎడమవైపు పడుతుంది. దీపాన్ని ఎడమకు జరిపితే నీడ కుడికి జరుగుతుంది. ఒకటో తరగతి పిల్లలకు చూపించినా వెంటనే పట్టుకుంటారు. కాని మిక్సింగ్ చేసేవాళ్ళు తొందరలో దీన్నే మరిచిపోతారు. ఎండ ఒకవైపు, నీడ ఇంకోవైపు పెట్టి క్యాసెట్టు చేతిలో పెడతారు. ప్రేమ మరిచిపోదు. ఎవరు చేసిన వీడియో అయినా ఆమె ముందు చూసేది మొహాలు కాదు, కాళ్ళ దగ్గరి నీడలు.

ప్రేమ పుట్టిల్లు అత్తిముగం. కాని వేసవి సెలవులన్నీ కెలమంగలం అవతల పెద్దమ్మ కెంచమ్మ ఇంట్లోనే గడిచాయి. కెంచమ్మ, ఆమె భర్త కేశవప్ప మల్బరీ తోట వేసుకుని పట్టుపురుగులు పెంచుతారు. కెంచమ్మ నీడ ఎండ వైపు పడుతుంది. పొద్దున అందరి నీడలూ పడమరకు సాగితే ఆమెది తూర్పుకు సాగుతుంది. సాయంత్రం అందరివీ తూర్పుకు పోతే ఆమెది పడమరకు పోయి పొద్దుకు ఎదురుగా పడుకుంటుంది. ఎడమచేత్తో అన్నం తినేవాళ్ళు ఉన్నట్టు, పిల్లికళ్ళ వాళ్ళు ఉన్నట్టు ఇదీ ఒకటి. వేరుశనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు "అక్కా, కొంచెం ఇట్లా జరిగి కూర్చో" అని ఆమెను తమకు కావలసిన పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. ప్రేమ కూడా ఆ నీడలో కూర్చుని రాగిసంగటి తిన్నది. తిని, చెయ్యి కడుక్కుని, ఆడుకోవడానికి పోయింది. నీడ గురించి ఏనాడూ అనుకోలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళు జోరుగా సాగుతున్న రోజులవి. డెంకణికోట దగ్గర తెల్లవారుజాము ముహూర్తం ముగించుకుని వచ్చిన రఘునాథ్ మెట్లు ఎక్కలేదు, ఎగిరి వచ్చాడు. నంజప్ప అప్పుడే లేచి పోబోతున్నాడు.

"ప్రేమా, పొయ్యి ఆపు. దా, దా, బిన్నా దా. అప్పా, మీరూ ఉండండి."

అతను క్యాసెట్టును తలకిందులుగా తోస్తున్నాడు, టీవీ కింది పెట్టెలో దూరడం లేదు. ప్రేమే తీసుకుని పెట్టింది.

తెర మీద పొగమంచు. దాని కింద వరసగా మల్బరీ మొక్కలు. కుడివైపు అంచున అప్పుడే లేచిన సూర్యుడు, పాలలో పడ్డ పసుపు ముద్దలాగ. ఆ మొక్కల మీదుగా, చప్పుడు లేకుండా, ఒక పెద్ద వెండి పళ్ళెం బోర్లించినట్టున్నది పోతోంది. తొణకడం లేదు. ఎగుడుదిగుడు లేదు. నీళ్ళ మీద ఆకు జారినట్టు జారుతోంది. కొంతదూరం పోయాక మొక్కలు లేని చోట ఒక నల్లబండ వచ్చింది. అక్కడ పళ్ళెం మీద ఎండ పడి భగ్గుమంది. ఆ మెరుపుకు కెమెరా కన్ను చెదిరి బొమ్మంతా మసకయింది. మళ్ళీ తేటపడేసరికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

నంజప్ప కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. "నారాయణా!" అన్నాడు.

"ఏమిటండీ ఇది?" అంది ప్రేమ.

"నాకేం తెలుసు? కెలమంగలం దాటి వస్తా ఉన్నాను. ఆ పక్కంతా మల్బరీ తోటలే కదా, ఒక తోట మీద ఇది పోతా ఉంది. బండి ఆపినాను. నోట్లో తడి ఆరిపోయింది. కెమెరా ఎట్లా ఎత్తినానో ఆ దేవుడికే తెలుసు."

కుక్కరు విజిలు మీద విజిలు వేస్తున్నా ఎవరూ కదలలేదు.

ఊరికి కేబుల్ టీవీ నడిపే ప్రసాదు ఆ సాయంత్రమే దాన్ని అందరికీ చూపించాడు. హోసూరు నోరు తెరిచింది. టీకొట్ల దగ్గర, ఫ్యాక్టరీ బస్సుల కోసం నిలబడేచోట, కూరగాయల మార్కెట్టులో అదే మాట. వేరే లోకం నుంచి వచ్చిందని కొందరు. వస్తే బెంగుళూరు వదిలి కెలమంగలంలో ఎందుకు దిగుతుందని కొందరు. ఇంకొందరు మెల్లగా ఇంకో మాట అన్నారు: పెళ్ళికొడుకును నెమలి ఎక్కించేవాళ్ళకు పళ్ళేన్ని గాల్లో తిప్పడం ఒక పనా?

ఆ మాట రఘునాథ్ చెవిన పడింది. అతను ప్రసాదును వెంటబెట్టుకుని వచ్చాడు.

"ప్రేమా, నువ్వే చూసి చెప్పు. మిక్సింగ్ ఉంటే నీ కంటికి దొరక్కుండా పోదని ఊరికంతా తెలుసు. నువ్వు నిజమంటే నోళ్ళు మూతపడతాయి."

"ఇంట్లోవాళ్ళే చెబితే ఎవరు నమ్ముతారు?"

"నమ్ముతారు. నువ్వు నా ముఖం చూసి చెప్పే రకం కాదు కదా!" అన్నాడు రఘునాథ్ గర్వంగా.

మరుసటి పొద్దున పైగది నిండిపోయింది. ప్రసాదు కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు. నంజప్ప ముందు కుర్చీలో కూర్చున్నాడు. మెట్ల మీద దాకా జనం. రఘునాథ్ గుమ్మానికి ఆనుకుని, తన పెళ్ళిని తానే చూస్తున్నవాడిలా మెరిసే కళ్ళతో నిలబడ్డాడు.

ప్రేమ బొమ్మను ఆపి ఆపి నడిపింది. ఒక్కొక్కటే అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. "అతికించిన బొమ్మకు అంచు వణుకుతుంది. దీనికి వణకడం లేదు." వెనక ఊపిరి పీల్చిన చప్పుడు. "ఆయన చెయ్యి అదిరినచోట తోట అదిరింది. తోటతో పాటు ఇదీ అంతే అదిరింది. అతికిస్తే ఇట్లా రాదు." ఇంకా ముందుకు నడిపింది. "మంచు చూడండి. కొంత దీని వెనక ఉంది, కొంత దీని ముందర నుంచి పోతా ఉంది. నా కంప్యూటరులో ఇది చేసేదానికి కాదు."

చెబుతున్నకొద్దీ ఆమెకే నమ్మకం కుదిరింది. ఇది నిజం. దేవుడా, ఇది నిజం. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. బండ దగ్గరికి వచ్చేసరికి అలవాటుకొద్దీ బొమ్మను ఆపి, కింద నీడకోసం చూసింది.

సూర్యుడు కుడివైపున ఉన్నాడు. తోట కంచె రాళ్ళ నీడలన్నీ ఎడమకు పడ్డాయి. మొక్కల నీడలు ఎడమకే పడ్డాయి. బండ మీద మెరిసే పళ్ళెం కింద, మెరుపుకు ఏమీ కనబడని చోటు నుంచి ఒక పొడుగాటి నీడ బయలుదేరి, తిన్నగా కుడికి, సూర్యుడి వైపుకే పోయింది.

ప్రేమ ముందుకు వంగి చూసింది. వెనక్కి నడిపి మళ్ళీ చూసింది. ఏదో బరువు దిగిపోయినట్టయింది మొదట. ఆ వెంటనే వేరే బరువు ఎక్కింది.

"మిక్సింగ్," అంది.

"ఏమిటీ?" అన్నాడు ప్రసాదు.

"నీడ తప్పు. ఎండ వైపు నీడ పడదు. చాలా బాగా చేసినారు, అయితే నీడ దగ్గర తప్పు చేసినారు."

గది అంతా ఒక్కసారి గుమ్మం వైపు తిరిగింది. రఘునాథ్ మొహంలో నవ్వు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని తీసెయ్యాలని అతనికి తోచలేదు.

"ప్రేమా, నేను కళ్ళారా చూసినాను."

"మీరు ఆడ ఏం చూసినారో నాకు తెలీదు. ఈడ ఉండేది చెప్తా ఉన్నాను."

"ఎవరు చేసినారు మరి? నేనా?"

ఆమె తెర వైపే చూసింది. అది చాలు కదా ఊరికి.

నంజప్ప లేచి పంచె దులుపుకున్నాడు. "నా కూతుర్ని విమానం ఎక్కించమంటే నువ్వు ఊరినంతా ఎక్కించినావు కదప్పా రఘూ!" అన్నాడు. మెట్ల మీద నవ్వులు కిందిదాకా దొర్లుకుంటూ పోయాయి. ఆ సాయంత్రం కేబుల్లో ప్రేమ మాటలు కూడా వచ్చాయి. నంజప్ప కూతురి పెళ్ళి ఇంకో స్టూడియోకు పోయింది. రఘునాథ్ రోడ్డు మీద పోతుంటే పిల్లలు "పళ్ళెమన్నా" అని పిలిచారు.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక ప్రేమ భర్తను అడిగింది. ఆయన ఊరికి అబద్ధం చెప్పడం కంటే, తనకు చెప్పడం ఆమెను కాల్చింది.

"బెంగుళూరులో ఎవరిచేత చేయించినారు? నన్నడిగుంటే నీడన్నా సరిగ్గా పెట్టేదాన్ని కదా."

రఘునాథ్ ఆమె వైపు చూశాడు. కోపం లేదు. చెంప మీద కొట్టించుకుని, కొట్టిందెవరో ఇంకా తెలియని పిల్లవాడిలా ఉన్నాడు. "నువ్వు చెబితే సరే," అన్నాడు చివరికి. తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు.

తరవాత గొడవలేమీ జరగలేదు. అతను ఆమె పెట్టింది తిన్నాడు. ఉన్న పెళ్ళిళ్ళకు పోయి తీశాడు. క్యాసెట్లు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ప్రేమ మాత్రం ఎదురుచూసింది. తప్పయిపోయింది, చేయించినాను అని ఒక్కమాట అంటాడని. అంటే పోనీలెమ్మని ఊరుకుందామనే ఉంది ఆమెకు. అతను అనలేదు.

పోయిన ఏడాదిలాగే కెంచమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది: పురుగులు పండుతున్నాయి, రమ్మని. పట్టుపురుగుల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నెలకు దగ్గరగా ఆకు తిని తిని పురుగు ఒకరోజు తినడం మానేసి, తేనెరంగుకు తిరిగి, తల ఎత్తుతుంది. దాన్నే పండడం అంటారు. అప్పుడు ఒక్కొక్క పురుగునూ చేత్తో ఏరి, గూడు కట్టుకునేందుకు వెదురు చంద్రికల మీద వదలాలి. ఆలస్యమైతే పట్టంతా పాడవుతుంది. అందుకని ఆ రోజు బంధువుల్లో వీలైనవాళ్ళంతా పోయి చెయ్యి వేస్తారు. పెళ్ళికి పోకపోయినా పోనిస్తారు గాని పురుగులు పండిన రోజు పోకపోతే ఆ మాట ఏళ్ళతరబడి మిగులుతుంది.

ప్రేమ మొదటి బస్సుకు బయలుదేరింది. కెలమంగలంలో దిగి పొలం గట్టు పట్టింది. మంచు ఇంకా విడలేదు. ఎదురుగా ఎండ మొదలవుతోంది. తల వంచుకుని నడుస్తున్నది, ఎందుకో ఎత్తి చూసింది.

మల్బరీ మొక్కల మీదుగా వెండి పళ్ళెం వస్తోంది.

ఆమె గట్టు మీదే కూలబడింది. పళ్ళెం తొణక్కుండా, బెణక్కుండా, తిన్నగా ఆమె మీదికే వచ్చి, మొక్కల చివర ఆగింది.

"ఎవురే అది, ప్రేమానా? ఆడ కూలబడినావేమే?" అంది పళ్ళెం.

దాని కింద నుంచి రెండు చేతులు వచ్చి దాన్ని పైకెత్తాయి. కెంచమ్మ ముఖం బయటపడింది. అది పురుగులను పెంచే వెదురు తట్ట. గుండ్రంగా, మనిషి చేతులు చాచినంత వెడల్పు. దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుంది. పైన వెండిలా మెరిసే కాగితం కప్పి తాడుతో కట్టింది.

"పెద్దమ్మా... ఏమిటది?"

"తట్ట. ఎందుకే అట్లా చూస్తావు, తట్ట చూడలేదా? చాలవని పక్కింటి కాళమ్మ తావ తెచ్చినా."

"ఆ కాగితం?"

"కాళమ్మ కొడుకు ఫ్యాక్టరీలోంచి తెచ్చిచ్చినాడు. తట్టలు కడిగి నెత్తిన పెట్టుకుంటే నీళ్ళు వీపంతా కారతాయి కదమ్మీ. ఇది కప్పితే సుఖం. తెల్లారితో రోజూ ఇట్లే వస్తా." కెంచమ్మ తట్ట దించి పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "అయితే ఇప్పుడు బయమేస్తా ఉంది. మీ ఆయప్ప తీసినాడంటనే, గాల్లో పొయ్యే పళ్ళెం! కాళమ్మ ఇంట్లో టీవీలో చూసినా. మన తోట మాదిరే ఉండాది ఆ తావు. ఒళ్ళు జలదరించిందనుకో. అప్పట్నించీ ఒక్కదాన్నే రావాలంటే గుండె దడ."

ప్రేమ ఆమెను చూసింది. ఆమె కాళ్ళ దగ్గర చూసింది. గట్టు మీద ప్రేమ నీడ వెనక్కి, పడమరకు పడింది. కెంచమ్మ నీడ పొడుగ్గా తూర్పుకు, ఎండ వైపుకు సాగింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నీడ. తను సంగటి తిన్న నీడ.

పళ్ళెం వస్తున్నప్పుడు పుట్టిన భయం దీని ముందు ఏపాటిది!

"పెద్దమ్మా, అది నువ్వే."

"ఏది?"

"టీవీలో. ఆ పళ్ళెం నువ్వే."

కెంచమ్మ తట్టను చూసింది, తోటను చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓసి నా తల్లీ! నాకా నేను బయపడింది?" అని భుజాలు అదిరేలా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాక గాని పక్కదానికి నవ్వు రావడం లేదని చూడలేదు.

"నేను మోసం అన్నాను పెద్దమ్మా. నీడ తప్పు పడింది, ఇది మిక్సింగ్ అని చెప్పినాను. నీ నీడ సంగతి నాకు తోచనే లేదు."

"నా నీడకేమయింది?"

"ఎండ వైపు పడుతుంది కదా."

"పడుతుంది. దానికేం?" అంది కెంచమ్మ. తరవాత నెమ్మదిగా అడిగింది. "ఎవురి ముందర అన్నావు?"

"అందరి ముందర."

"మొగుడు చూసి వచ్చి చెప్పినదాన్ని అబద్ధమన్నావా, అందరి ముందర?"

ప్రేమ తల ఊపింది. కెంచమ్మ మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. తట్ట మీది తాడును వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"నేను పుట్టినప్పుడు నా నీడ ఇట్లా లేదమ్మీ. పెండ్లయి వచ్చిన కొత్త. తెల్లారి రాగిచేలోకి పోతే ఏనుగు నిలబడుంది. ఒంటి ఏనుగు. నన్ను చూసింది, నేను దాన్ని చూసినా. పరిగెత్తి వచ్చి చెప్పినా. మీ పెదనాన్న నలుగురిని తోడుకొని పోయి చూసినాడు. ఒక్క కర్ర వంగలేదు, ఒక్క అడుగు జాడ లేదు. బండల మీదుగా పోయుంటుంది. 'కొత్త పెండ్లాం కలగనింది' అని అందరి ముందరా నవ్వినాడు. నేనేం మాట్లాడలా. వాకిట్లో కసువు ఊడుస్తా చూసుకుంటే నీడ ఈ పక్కకు తిరిగుంది."

"తరవాత?"

"కోతలప్పుడు ఏనుగు మళ్ళీ వచ్చింది. ఊరంతా చూసినారు. మీ పెదనాన్న ఏడ్చినంత పని చేసినాడు. అయినా నీడ మళ్ళలా. పోనీ, నీడ ఏ పక్క పడితే ఏమి? దాని బాధ లేదు నాకు." ఆమె తాడు వదిలేసింది. "అప్పట్నించీ నేనేదన్నా చూస్తే ఆయప్పకు చెప్పాలని అనిపించదు. చెబితే నమ్ముతాడు. నమ్మేదానికే కాచుకోని ఉండాడు పాపం, ఇన్నేండ్లుగా. నాకే నోరు రాదు."

ప్రేమ లేచి నిలబడింది. చీరకు అంటిన మట్టి కూడా దులుపుకోలేదు.

"పెద్దమ్మా, పురుగులు..."

"పురుగుల్ని నేను చూసుకుంటా. పో. బస్సు దొరక్కపోతే లారీ ఎక్కు. పో!"

బస్సు దొరికింది గాని, దారిలో టైరు దిగిపోయింది. ఎక్కినవాళ్ళంతా దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. ప్రేమ ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా చూసింది. ముసలాయన నీడ, పాలక్యాన్ల అబ్బాయి నీడ, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి నీడ. అన్నీ ఒకే వైపు. వాళ్ళకెవరికీ తెలియదు, అదెంత భాగ్యమో. నడినెత్తిన ఎండ నిలబడి నీడలన్నీ కాళ్ళ కిందికి దూరాయి. టైరు మార్చడం అయ్యేసరికి అవి మెల్లగా రెండో వైపు బయటికి వచ్చాయి.

ఇంటికి చేరేసరికి పొద్దు పడమటికి దిగింది. కింద టైలరు వరదప్ప మిషను ఆపకుండానే చెప్పాడు. "పైన మిద్దె మీద ఉండాడమ్మా. ఫొటోల వెనక కట్టే తెరలు ఉతికి ఆరేసుకుంటా ఉండాడు."

ఆమె మెట్లు ఎక్కుతుంటే పైనుంచి ప్రసాదు గొంతు వినిపించింది. అతను మిద్దె పడమటి గోడ దగ్గర కూర్చుని కేబుల్ వైరు అతుకుతున్నట్టుంది.

"రఘన్నా, కొంచెం అటు జరుగన్నా. నీ నీడ వైరు మీద పడతా ఉంది. ఏమీ కనిపించడం లేదు."

ప్రేమ చివరి మెట్టు మీద ఆగిపోయింది.

ఎదురుగా ఎండ. పడమటి గోడ దగ్గర ప్రసాదు. మిద్దెకు ఈవల, తూర్పు వైపున రఘునాథ్ ఆరేసిన తెరను తాడు మీద సర్దుతున్నాడు. తెర నీడ తూర్పుకు పడింది. తాడు కట్టిన కర్ర నీడ తూర్పుకు పడింది. రఘునాథ్ నీడ మిద్దె అంతా దాటి పడమరకు, ఎండకు ఎదురు, ప్రసాదు చేతుల దాకా పోయింది.

అతను పక్కకు జరిగాడు. నీడా జరిగింది. "ఆ, ఇప్పుడు బాగుంది," అని ప్రసాదు పనిలో పడ్డాడు.

"వచ్చేసినావే?" అన్నాడు రఘునాథ్. "పురుగుల పని అయిపోయిందా?"

ఆమె గోడ పట్టుకుంది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. పెద్దమ్మ. తట్ట. వెండికాగితం. ఆ తోట పెద్దమ్మదే. "మీరు చూసింది నిజం. చెప్పింది నిజం. క్యాసెట్టులో ఒక్క ముక్క కల్పన లేదు. తప్పు నాది."

ప్రసాదు వైరు వదిలేసి లేచాడు. "కెంచమ్మ పెద్దమ్మనా! అవును కదా, మీ పెండ్లిలో చూసినా, ఆయమ్మ నీడ అట్లే కదా పడేది. మన బుర్రకు తోచనే లేదే, చూడు!" పకపకా నవ్వాడు. "ఈ సాయంత్రమే కేబుల్లో వేసేస్తా. నంజప్ప తావ కూడా చెప్తా, మళ్ళీ నీ కాడికే వస్తాడులే రఘన్నా." అప్పుడే అందరికీ చెప్పేయాలన్న తొందరలో మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

రఘునాథ్ చిన్నగా నవ్వాడు. "పెద్దమ్మనా? మంచి పనయింది," అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు.

"మీ నీడ..."

"ఊఁ. మొన్నట్నించీ ఇట్లే ఉంది." తెర ముడత సాపు చేశాడు. "ఒకందుకు మేలే. పొద్దు వెనక పెట్టుకుని తీసేటప్పుడు నా నీడ పెండ్లికూతురి మీద పడేది కదా. ఇంక పడదు."

ప్రేమ నడుచుకుంటూ పోయి అతనికీ ఎండకూ మధ్య, ఆ నీడలో నిలబడింది. పడమర ఆమె వీపు వెనక ఉంది. ఆమె నీడ అతని గుండెల దాకే వచ్చింది; ముఖం మీద ఎండ పడి ప్రతి గీతా కనబడుతోంది.

"ఇంక మీరేం చెప్పినా నమ్ముతాను. ఏది చెప్పినా సరే. వింటా ఉన్నారా?"

"వింటా ఉన్నాను. సరేలే ప్రేమా, పోనీ."

ఆ మాట అంటూనే అతను ఆమె భుజం మీదుగా దూరంగా చూశాడు. చూపు అక్కడే నిలిచిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు కొంచెం విడిపడ్డాయి. కుడిచెయ్యి దానంతట అదే, కెమెరా ఎత్తుకోవడానికి, భుజం దాకా లేచింది. ఖాళీ చెయ్యి అని తెలిసి మెల్లగా కిందికి దిగింది.

"ఏమిటి?" అంది ప్రేమ. "ఏమిటండీ? ఏం చూసినారు?"

రఘునాథ్ రెప్ప వేశాడు. ఆమె ముఖంలోకి చూశాడు, ఎంతో దయగా.

"ఏం లేదు. తెర ఆరింది, ఆ కొస పట్టుకో."

ప్రేమ గిర్రున వెనక్కి తిరిగింది. పడమట కొండల మీద ఆకాశం ఎర్రగా, ఖాళీగా ఉంది.